నలభై మూడో నంబరు బూట్లు

నా పాదం ముప్పై తొమ్మిది.
స్టోరులో మిగిలినవి నలభై మూడు.
"కాలు పెరుగుతుందిలే," అన్నాడు సార్జెంట్ ఉర్కీసో
నవ్వకుండా.
పాత వార్తాపత్రికలు ఉండచుట్టి ముందువైపు కుక్కాను.
ఏడాది పొడుగునా ఎవరివో ఎన్నికల వాగ్దానాలు
తొక్కుకుంటూ నడిచాను.

బొలీవియాలో మా పీఠభూమి మీద
ఊపిరి కూడా రేషనే.
సరిహద్దు శిబిరంలో తెల్లారితే
బకెట్లో నీళ్లుండవు, గాజు పలక ఉంటుంది.
బాయినెట్‌తో పగలగొట్టి ముఖం కడుక్కోవాలి.
ఆ వెంటనే ముప్పై రెండు గొంతులు ఒక్కసారిగా:
"సముద్రం మాది! తిరిగి తెస్తాం!"
ముప్పై రెండు మందిలో
సముద్రాన్ని చూసినవాడు ఒక్కడూ లేడు.

"మన చెరువుకంటే ఎంత పెద్దదిరా అది?"
లిమాచి నా చెవిలో అడిగాడు, మా ఐమరా మాటలో.
ఐమరా మాట్లాడినందుకు
రాళ్ల సంచి వీపున వేసి
మైదానం చుట్టూ ఇరవై చుట్లు తిప్పారు వాణ్ణి.
పంతొమ్మిదో చుట్టులోనూ పెదాలు కదుపుతూనే ఉన్నాడు.
లెక్కపెట్టుకుంటున్నాడనుకున్నాం.
రాత్రి చెప్పాడు, అవి లామాల పేర్లట,
వాళ్లింట్లో ఉన్నవాటివి, చచ్చిపోయినవాటివి కూడా.

దుప్పటి నాలుగు వేళ్ల వెడల్పున మడవడం నేర్చుకున్నాను.
నిలబడి నిద్రపోవడం,
నిద్రలో తుపాకీ జారకుండా చూసుకోవడం,
సూపులో తేలే ఒకే ఒక్క ఎముక
ఇవాళ ఎవరి వంతో గొడవ పడకుండా తేల్చుకోవడం.
భయాన్ని కోకా ఆకుతో కలిపి
ఒక దవడన అదిమి పెట్టుకోవడం.
ఇవేవీ వాళ్లిచ్చిన పుస్తకంలో లేవు.
పుస్తకంలో ఉన్నదేదీ ఇప్పుడు గుర్తులేదు.

ఆగస్టులో ఒక రాత్రి, సరిహద్దు రాయి దగ్గర
ఏదో కదిలింది.
"ఎవరక్కడ?" అని మూడుసార్లు నువ్వడగాలి,
నాలుగోసారి తుపాకీ అడుగుతుంది.
మూడోసారి అడిగాను.
చీకట్లోంచి ముసలమ్మ తిట్టు:
"అరవకురా వెధవా, చూడి లామా బెదురుతుంది!"
తప్పిపోయిన జీవాన్ని వెతుక్కుంటూ
ఆ రాత్రికి రెండుసార్లు దేశం దాటి వచ్చిందామె.
ఆమె లెక్కలో ఆ రాయి
మంద ఒళ్లు రుద్దుకునే రాయి.

నా వేలు ట్రిగ్గర్ మీంచి రాలేదు.
చలికి ఇనుముకి అతుక్కుపోయింది.
ఆమే దగ్గరికొచ్చి నోటి ఆవిరి ఊది ఊది
మెల్లగా విడదీసింది.
మంచులో ఆరబెట్టిన దుంపలు పిడికెడు
నా జేబులో పోసి వెళ్లిపోయింది.
డ్యూటీ పుస్తకంలో రాశాను:
"విశేషాలేమీ లేవు."

అదే వారం లిమాచి ఎడమకాలి వేళ్లు రెండు నల్లబడ్డాయి.
వాడి బూట్లు వాడికి సరిగ్గా సరిపోయాయి మరి,
గాలి కూడా దూరనంత బిగువుగా.
నా వేళ్లు దక్కింది ఆ కాగితాల వల్లే.
డాక్టరు లోపల పని చేస్తున్నంతసేపూ
ఉర్కీసో గుమ్మం బయట నిలబడి
బెల్టు బకిల్ తుడుస్తూనే ఉన్నాడు.
అది ఎప్పుడో మెరిసింది.
అయినా తుడుస్తూనే ఉన్నాడు.

ఏడేళ్లకి ఇటుకల పని దొరికి
చిలీలో ఆరికా వెళ్లాను.
బస్సు దిగితే ఎదురుగా సముద్రం,
ఎవరినీ అడగనక్కర్లేకుండా.
మడమలు వాటంతటవే కలిశాయి.
చొక్కా సర్దుకున్నాను.
అది నా దాకా వచ్చింది, వెనక్కి పోయింది,
మళ్లీ వచ్చింది.
హాజరు మాత్రం తీసుకోలేదు.

ఒక సీసాడు పట్టి లిమాచికి తీసుకెళ్లాను.
వేలు ముంచి నాలుకకి రాసుకున్నాడు.
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత లేచి, కుంటుకుంటూ వెళ్లి
పొయ్యి మీది కుండలో మొత్తం వంపేశాడు.
"దుంపల్లో ఇంక ఉప్పు వేయకు,"
అన్నాడు భార్యతో.

కాస్త చేదుగా ఉన్నాయి.
మిగల్చకుండా తిన్నాం.