రెండంగుళాలు

టేపు మొదలు తెగిందని
తొలుత నాకే తెలిసింది.
మంగళవారం, బెళుగుప్ప దావలో గుట్ట కింద,
కందకం అడుగున కొస ఆనించి చూస్తే
సున్నా లేదు, ఒకటి లేదు,
రెండో గీత కాడ మొదలైతాంది కొలత.
ఇనుప కొక్కెం ఎప్పుడు ఊడిందో,
ఏ గడ్డపార దెబ్బకు తెగిందో.
నిన్నా మొన్నా నేను రాసిన ముప్పైలన్నీ
ఇరవై ఎనిమిదులే.

తలెత్తి చూసినా.
పదమూడు మంది వంగి ఉన్నారు.
గరుసు నేల పారను ఎగదన్నుతాంది.
ఎవరి వీపు మీదా అంకెలు లేవు,
ఉప్పు గీతలే.

మేటునైన కాణ్ణించి
నా చేతిలో ఉండేది ఇంతే:
ఒక మస్టరు, ఒక ఫోను, ఈ టేపు.
కండువా లేదు, జీపు లేదు.
పొద్దున ఆరింటికి పేరు పిలిస్తే
"ఆఁ అక్కా" అనే గొంతులున్నాయి.

పోయిన వారం మా మరిది వన్నూరప్ప
బళ్లారి నుంచి ఫోన్ చేసినాడు.
పాత ఫొటో ఉంది కదా వదినా,
దాన్నే మళ్లా ఎక్కించు, అని.
ఎక్కించలేదు.
అది సులువు.
వాడు బళ్లారిలో, నేను కందకం గట్టున.
అంత పొడుగు అబద్ధం కంటికి ఆనుతుంది.
రెండంగుళాలది ఆనదు.

ఓబులేసన్నకు చెప్తే
బీడీ ఆర్పి చెవి వెనక దోపుకొని నవ్వినాడు.
"తప్పు టేపుదమ్మా, నీది కాదు.
కొత్తది ఇచ్చేదాకా ఇదే టేపు.
మన కడుపుకు రెండంగుళాలు పోతే
సర్కారుకు కడుపునొప్పి వస్తాదా?"

ఆ మాటలో నిజముంది.
అందుకే రాత్రి సంగటి ముద్ద దిగలేదు.
ఉత్త అబద్ధమైతే
నీళ్లు తాగి పడుకునేదాన్ని.

లెక్కేసినా:
మనిషికి దినానికి పద్దెనిమిది రూపాయలు.
అరలీటరు పాలు కూడా రావు.
కానీ హనుమక్కకు అది
కాలేజీకి పోయే బిడ్డ బస్సు చార్జీ.

అక్కులమ్మవ్వ గుర్తొచ్చింది.
పోయిన ఎండాకాలం మోకాలు వాచి
గట్టున కూలబడిన అవ్వకు
మూడు దినాలు హాజరు వేసినా.
అది తప్పని ఇప్పటికీ అనలేను.
కానీ నాలుగో దినం
నారెప్ప కొడుకు వచ్చి నిలబడినాడు.
"అవ్వకు వేసినావు, నాకేమి?"
నోరు పెగల్లేదు.
మోకాలు వాయనోడికి కూడా వేసినా.

బుధవారం అందరినీ కూర్చోబెట్టి
తెగిన కొస చూపించినా.
ఈ పొద్దు నుంచి రెండు తీసేసి రాస్తానని,
ఆ రెండు దినాల కందకాలు
మళ్లా దిగి తవ్వాలని చెప్పినా.
హనుమక్క పార కింద పారేసింది.
"మేటువైనాక మా చెమట గూడా నీకు
అంగుళాల్లోనే కనపడతాందా?"
జవాబు రాలేదు.
కనపడతాంది, నిజమే.

మొదట మా ఆయన కందకం కొలిచినా.
ఇరవై ఎనిమిది, అని
అందరికీ వినపడేట్టు చదివినా.
ఆయన నా దిక్కు చూడకుండా దిగినాడు.
ఆ రాత్రీ, మరుసటి రాత్రీ
మా ఇంట్లో గిన్నెలే మాట్లాడినాయి.

అన్నం యాళకు కానుగ నీడలో
డబ్బాలన్నీ చుట్టు తిరిగినాయి.
దినమూ నా ముద్ద పక్కకు వచ్చే
హనుమక్క ఊరుబిండి
నా దాకా రాలేదు.

ఇంత చేసినా
ఏ ఆఫీసరూ చూసేదానికి రాలేదు.
వస్తాడని చేసింది కాదు గానీ,
రాకపోతే కొంచెం కష్టంగానే ఉంది.

శుక్రవారం పొడుగు కొలవాల్సొచ్చింది.
అవతలి కొస పట్టుకునే మనిషి కావాల.
అందరూ చెప్పులు దులుపుకుంటా ఉంటే
హనుమక్కే లేచింది.
మాట లేదు.
వంగి, తెగిన కాడ బొటనవేలు ఒత్తి పట్టి
నా దిక్కు చూసింది.

"గట్టిగా లాగు.
వొదులుగా పట్టుకుంటే
మళ్లా పెరుగుతాది."