తన్ను

విజయనగరం నుంచి రామతీర్థం పోయే దారిలో
ఊరు దాటాక, ఎరువుల గోదాం వెనక,
చంపావతి ఇసుక నింపిన గోనెబస్తాల గట్టు.
మా రేంజి అదే. పైన రేకులు, కింద ఇసుక,
ఆదివారం పొద్దున ఎనిమిది మందిమి, ఒక ఫ్లాస్కు.

నా కుడి భుజం మీద
ప్రతి సోమవారం ఒక మచ్చ లేస్తుంది,
వంకాయ రంగులో మొదలై
శుక్రవారానికి పండిన ఆకు రంగుకి దిగుతుంది.
బడిలో డ్రిల్లుకి చేతులెత్తమని ఈల వేసేది నేనే,
ఎత్తలేనిదీ నేనే.
గజపతినగరం మలుపులో ఆటో బోల్తాపడి
విరిగి అతుక్కున్న ఎముక అది.
"తుపాకీ మానెయ్యండి" అన్నాడు డాక్టరు,
ఎక్స్‌రే ఫిల్ముని కిటికీకి ఎత్తి,
నా వంక చూడకుండా.

అప్పలసూరి దగ్గరికి పోయాను.

గోనె మిల్లులో ముప్ఫైరెండేళ్ళు మగ్గాల ఫిట్టరు.
మిల్లు మూతపడ్డాక మిక్సీలు, పిండిమర, సైకిళ్ళు,
ఇప్పుడు మా క్లబ్బు తుపాకులు.
ఎడమ చూపుడువేలు సగమే ఉంది.
మిగతా సగం పన్నెండో నంబరు మగ్గం
అప్పడిగిందంటాడు.

"ఏదీ, పేల్చు. నాను సూడాల."
పది పేల్చాను.
టార్గెట్టు వంక ఒక్కసారీ చూడలేదు.
నా వెనక గొంతుక్కూచుని
ఇసుకలో నా మడమ ఎంత వెనక్కి జరిగిందో
బీడీ కట్టతో కొలుచుకున్నాడు.
"గుండుకి బయపడ్డంలేదు నువ్వు.
గుండెల్లిపోయాక వొచ్చేదానికి బయపడతన్నావు."

మడమ విప్పాడు, నాది కాదు, తుపాకీది.
బరువైన స్ప్రింగు వేశాడు.
కోనాడ వలలకి కట్టే సీసం గుళ్ళు
ఏడు, చింకిగుడ్డలో చుట్టి కూరాడు.
హవాయి చెప్పు అరిగిన అట్ట కోసి
భుజం ఆనే చోట అతికించాడు.

పేల్చాను.
మేకపిల్ల మూతితో పొడిచినట్టుంది.
నవ్వొచ్చింది. మళ్ళీ పేల్చబోతే
ఖాళీ తూటా గడపలో అడ్డం పడి ఉంది,
సగం ఇంట్లో, సగం వీధిలో.
తీసి పేల్చాను. మళ్ళీ అంతే.

అప్పలసూరికి కోపం రాలేదు.
"నాడె తెలుసునా? ఈ పెట్లోంచి ఆ పెట్లోకి పోతాది.
గట్టిగా తంతే తోలు సిరిగి, పోగు తెగి,
పక్కనున్నోళ్ళ కంట్లో పడతాది.
మెత్తగా తంతే పడుగు మద్దిలో ఆగిపోతాది.
ఆగిందాన్ని లాగుదారని సెయ్యెట్టేవో..."
సగం వేలు చూపించాడు.

"ఈ తన్నుంది సూడు, అదంతా నిన్ను కొట్టడానికి కాదు.
ఆ తన్నుతోటే పాతది బయటికి తోసి,
కొత్తది లోనకి లాక్కుని,
తన్ను తానే నింపుకుంటాది.
దాని కూడు దానికొదిలెయ్యాల.
మిగిల్నదే నానాపగలను."

రెండు గుళ్ళు తీశాడు. పేల్చు.
ఇంకోటి తీశాడు. పేల్చు.
ఒకటి తిరిగి పెట్టాడు, స్ప్రింగు మార్చాడు,
మార్చినదాన్ని చెవి దగ్గర నొక్కి విని
పాతదే వేశాడు. పేల్చు.
ఫ్లాస్కు అయిపోయింది. మిగతా ఏడుగురూ
బళ్ళు తీసుకుని భోజనాలకి పోయారు.

అప్పుడు భుజం మీది తువ్వాలు తీసి
నా కుడివైపు ఇసుక మీద పరిచాడు.
ఖాళీలు ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ,
ఒకటి నా చెప్పులో.
మరలు బిగించాడు, వదిలాడు, బిగించాడు.
చివరి అయిదూ
తువ్వాలు ఎర్రంచు మీద
ఒకే చోట, ఒకదాన్నొకటి తాకి, టింగుమని.

"ఆఁ" అన్నాడు. అంతే.
రెండొందల నలభై తీసుకుని
మూడు సీసం గుళ్ళు జేబులో వేసుకున్నాడు.
"మా బావవి. వల సగంలో ఉంది."
టార్గెట్టు కాగితం తేవడం
ఇద్దరం మరిచిపోయాం.

సోమవారం ప్రేయరు అయ్యాక
ఈల వేసి చెయ్యెత్తాను.
చెవి దాకా పోయింది. అక్కడ ఆగింది.
ముందు వరసలో బెవర పావని, ఆరో తరగతి,
రెండు చేతులూ ఆకాశానికి పొడిచి
నన్నే చూస్తోంది:
"మేడం, ఇంకా పైకి."