ఏ బావి నీళ్ళో

నాయనకు ఏడు చొక్కాలు.
ఏడింటికీ కుడిజేబు అడుగున చీమలు.
ఉతికినా పోయేవి కావు.
తిట్టీ తిట్టీ అలిసిపోయి అమ్మ
చివరికి వాటిని కోడళ్ళని పిలిచేది.

చిత్తూరు బెల్లం మండీలో ముప్పైయారేండ్లు
నాలిక మీద పెట్టుకుని ధర చెప్పిన మనిషి
మా నాయన చెంగల్రాయుడు.
దిమ్మ అంచున బొటనవేలి గోరు గుచ్చి
రవ్వంత గిల్లి కండ్లు మూసుకుంటే
హమాలీలు కూడా మూటలు దించకుండా నిలబడేవాళ్ళు.

"ఇది ఐరాల. కొత్తగా బోరేసినట్టుండారు, ఉప్పు తగల్తా ఉంది."
"పెనుమూరు పక్కది. కొప్పెర దించేటప్పుడు ఎవురో మాటల్లో పడినారు."
"ఈ చెరుకు కొట్టిన దినం వాన పడింది కదప్పా?"

రైతులు తలకాయ ఊపేవాళ్ళు,
దొంగతనం బయటపడినట్టు కొందరు,
జాతకం చెప్పించుకున్నట్టు కొందరు.

నా తొమ్మిదో ఏట అడిగినా,
ఎట్లా తెలస్తుంది నాయనా అని.
"తీపి అందరిదీ ఒకటే మే.
తేడా అంతా నీళ్ళలో ఉంటుంది."
అప్పుడు అర్థం కాలేదు.
ఇప్పుడు పూర్తిగా అయిందనీ చెప్పలేను.

తెల్లబెల్లం వచ్చింది.
హైడ్రోసు పోసి మల్లెపూల మాదిరి మెరిపించిన దిమ్మల ముందు
నాయన నాలిక పాత సామాను.
"నల్లదాన్ని ఆ మూలకు తొయ్యప్పా" అని షావుకారు అన్న దినం
ఇంటికొచ్చి, లోటా మజ్జిగ తాగి, గోడ తట్టు తిరిగి పడుకున్నాడు.
తెల్లారి మళ్ళీ మండీకే పోయినాడు.

మంచోడని చెప్పడానికి కాదు ఇదంతా.
కోపం జాస్తి.
అన్న పదో తరగతి తప్పినప్పుడు
మండీ నడుమ, తూకం రాళ్ళ దగ్గర, చెప్పుతో కొట్టినాడు.
పాడె మోసిన భుజంతోనే
ఆ దెబ్బనూ మోస్తా ఉండాడు అన్న.

యాభైనాలుగో ఏట చక్కెర జబ్బు.
బెల్లం నోట్లో పెట్టగూడదని డాక్టరమ్మ అంటే
"ఉమ్మేస్తే తప్పు లేదు కదా తల్లీ" అన్నాడు.
పదకొండేండ్లు ఉమ్మేస్తానే సంపాదించినాడు.

మనవరాలి అన్నప్రాశన నాడు
పాయసం గిన్నె పక్కకు జరిపి
చిటికెన వేలితో దాని నాలికకు బెల్లం రాసి
చెవిలో ఏదో ఊరి పేరు చెప్పినాడు.
మంత్రమనుకుని మా అత్తగారు దండం పెట్టింది.

ఆ పిల్ల, మోక్షితకు ఆరేండ్లప్పుడు
తుండుగుడ్డ కండ్లకు కట్టి మూడు లోటాల ఆట.
క్యాన్ నీళ్ళు, కొళాయి నీళ్ళు, మిద్దె మీద పట్టిన వాన నీళ్ళు.
గెలిస్తే పది రూపాయలు. ఓడితే తాత కాళ్ళు పట్టాల.
గెలిచినా పట్టేది.
ఎంత గట్టిగా నొక్కినా హాయిగా ఉండాదనేవాడు.
మోకాళ్ళ కింద స్పర్శ పోయి అప్పటికే రెండేండ్లు.

వేలూరు ఆసుపత్రిలో చివరి వారం.
ఇంక పత్యం ఎందుకని నర్సమ్మే అనింది.
ఆసుపత్రి ఎదురుగా అంగట్లో పొట్లం కొన్నా.
మోక్షిత గిల్లి నాలిక మీద పెట్టింది.
ఆయన కండ్లు మూసుకున్నాడు.
శానాసేపు.

"తవణంపల్లె. మా నాయన బావి."

ఆ బావి పూడ్చి ఇరవయ్యేండ్లు దాటింది.
పొట్లం మీద మహారాష్ట్ర అని అచ్చేసుంది.
పిల్ల చదివింది, నా తట్టు చూసింది,
అట్టను మడిచి గుప్పెట్లో పెట్టుకుంది.
"కరెక్టు తాతా."
నా పర్సు లోంచి పది రూపాయలు తీసి
ఆయన చేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

ఆ ముక్కను మాత్రం
ఆయన ఉమ్మలేదు.

కర్మాంతరం అయినాక ఆరు చొక్కాలు పంచినాము.
ఏడోదాన్ని అన్న అడక్కుండానే తీసుకున్నాడు.
చీమలుంటాయి, దులుపు అన్నా.
దులపలేదు.
అట్లే తొడుక్కుని బస్టాండుకు నడిచినాడు.