అరవై ఆరో గీత

తలుపు వెనక బొగ్గుతో గీస్తూ వచ్చాను,
రోజుకొక గీత.
అరవై మూడు దగ్గర ఆగుతాననుకున్నాను.
ఇవాళ్టితో అరవై ఆరు.

నిన్న పొద్దున దాని ఒళ్ళు చల్లబడింది,
థర్మామీటరులో ముప్ఫై ఆరు పాయింటు తొమ్మిది.
పరిచిన గొర్రెతోలును గోళ్ళతో చీరి
మూలకి ఈడ్చుకుపోయింది. మాంసం ముట్టలేదు.
రాత్రికి ఈనేస్తుందిలే అని
పొయ్యిలో రెండు లెంగా మొద్దులు ఎక్కువే వేశాను.
రాత్రి వచ్చింది, పోయింది.
జలసంధి మీద గాలి మాత్రం
గాలిని ఈనుతూనే ఉంది.

పొద్దున్నకి వేడి మళ్ళీ ముప్ఫై ఎనిమిదికి ఎక్కింది.
చూద్దాంలే అనుకున్నాను.

పదకొండు వందల గొర్రెల కాపరిని నేను.
అడ్డం తిరిగిన పిల్లల్ని
మోచేతి దాకా చెయ్యి పెట్టి బయటికి తెచ్చినవాణ్ణి.
పిమియెంతా ముందు ఆ చెయ్యి
ఒక బూటుతో సమానం.

జూన్ నెల. నాలుగున్నరకే చీకటి.
ఐదూ పదికి ముక్కడం మొదలెట్టింది,
వీపు విల్లులా వంచి.
ఐదున్నర.
ఐదూ నలభై.
గోనెపట్టా మీద ఒక మరక,
నాచు పట్టిన రాయిలా ముదురు పచ్చ.
ఈ దీవిలో ఈ నెలలో
అంత పచ్చన ఎక్కడా కనబడదు.

మందుల అరలో గొర్రెల సూదిమందు ఉంది,
నొప్పులు తెప్పించేది.
సీసా ఒక చేత్తో తీసి
రెండో చేత్తో రేడియో నొక్కాను.

ఇవోన్ డాక్టరమ్మ గొంతు కంకర మీద నడిచొచ్చింది.
"ఎంతసేపటి నుంచి? ఓవర్."
అరగంట. ఓవర్.
"రంగు?"
చెప్పాను.
"ఒక్క పిల్లయినా పడిందా?"
లేదు.
కాసేపు గరగర.
"ఎలియాసార్, చేతిలో ఏముంది?"
ఎలా తెలిసిందో ఆవిడకి.
"అక్కడ పెట్టెయ్. గుమ్మానికి ఏం అడ్డుపడిందో తెలీకుండా
వెనకనుంచి జనాన్ని తొయ్యకూడదు,
ఇల్లే చిరిగిపోతుంది.
లోపల మాయ ఊడుతోంది, ఆ పచ్చ అదే. బండి తియ్యి.
దారిలో వస్తే, అది ముక్కినప్పుడే లాగు,
కిందికి, దాని మడమల వైపు.
అది ఆగితే నువ్వూ ఆగు."

కంబళిలో చుట్టి పక్కసీట్లో పడుకోబెట్టాను.
మంచులో అరవై కిలోమీటర్లు.
గ్వానాకోలు లైట్లలో కళ్ళు మెరిపించి తప్పుకున్నాయి.
మూడో గేటు దగ్గర
ఇనపకమ్మీల మీద బండి దడదడలాడినప్పుడు
అది ఒక కేక పెట్టింది.
తోకకింద రెండు చిన్న కాళ్ళు. వెనకవి.
నడుం దాకా వచ్చి బిగుసుకుంది.

గుడ్డతో, రెండు వేళ్ళతో పట్టుకున్నాను.
ముక్కింది, లాగాను.
ఆగింది, ఆగాను.
మా అమ్మ మాట కూడా ఇంత బాగా విని ఎరగను.

వచ్చింది.
పొర చించాను, నోరు తుడిచాను, రుద్దాను.
తల కిందికి వంచి మళ్ళీ రుద్దాను.
కోటు లోపలి జేబులో వేసుకుని
ఒక చేత్తో రుద్దుతూ, ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ
పోర్వెనీర్ దాకా పోయాను.

డాక్టరమ్మ అప్పటికే నీళ్ళు కాచి, బల్ల తుడిచి ఉంచింది.
కడుపు కోసి
ఒక్కొక్కటీ నా చేతిలోని తువ్వాల్లోకి జారవిడిచింది.
నల్లది ఒకటి. మచ్చలవి రెండు.
ఇంకోటి తడి ఎలుకలా, ఏ రంగో తేలలేదు,
అదే అన్నిటికంటే గట్టిగా అరిచింది.
నాలుగు.

తెల్లారబోతుండగా, ఎంతివ్వాలమ్మా అంటూ
డబ్బు కోసం జేబులో చెయ్యి పెట్టాను.
వెచ్చగా తగిలింది.
నా ఒంటి వేడే.

"పొద్దున్నే పిలిచి ఉంటే" అన్నాను.
ఆవిడ ఔననలేదు, కాదనలేదు.
మాతే కలిపి గిన్నె నా వైపు జరిపింది.

ఇంటికొచ్చాక గీతలు చెరపలేదు.
అరవై ఆరో గీత తల దగ్గర,
తెల్లవారే చోట,
మేకు మొనతో లోతుగా ఒక గాటు పెట్టాను.
బొగ్గయితే చెరిగిపోతుంది.