శేరు తవుడు

పుట్టినోళ్ళు పుట్టినట్టే పోతంటే
నిన్ను శేరు తవుడుకి ఎదురింటి దాలమ్మకి అమ్మీసి
మళ్ళీ కొనుక్కున్నాను.
అందుకే నువ్వు తవిటయ్యవి.
సావుని మోసం సేసినాను,
రైలుని సెయ్యనేకపోనాను.

పలాస టేసన్లో కొత్త ఎస్సై అడిగినాడు:
ఎత్తెంత?
జీడిపిక్కల బస్తా మీద గెడ్డం ఆనించీవోడివి.
అది మూడేళ్ళ కిందటి ఎత్తు.
ఇప్పుడెంతని సెప్పను?

ఏలిముద్ర ఎయ్యమన్నాడు.
జీడిసొన తినీసిన ఏలు,
కాయితం మీద నల్లటి మరక.
గీత ఒక్కటీ పడనేదు.
"మళ్ళీ ఎయ్యి" అన్నాడు.
మళ్ళీ ఏసినాను.

ఎవులు కొన్నారో నిన్ను,
ఏ ఊర్లో, ఏటని పిలుస్తన్నారో.
ఈ పాలి బేరం నాకు తెల్దు.

అయినా
బండాగినప్పుడల్లా ఎల్తన్నాను,
కొంగున శేరు తవుడు
మూటగట్టుకోని.