ఐదు రాత్రులు తక్కువ

పాప నీ దగ్గర ఎన్ని రాత్రులు పడుకుంటుంది?
ఇదీ ప్రశ్న. ఇంతకుమించి వాళ్ళేమీ అడగలేదు.
నూటికి నలభై ఉంటే
నెలనెలా ఇరవయ్యో తేదీన పడే డబ్బులో సగం నాది.
ముప్పైతొమ్మిదిన్నర ఉంటే
నేను వచ్చిపోయే చుట్టాన్ని.

లెక్క నాకు కొత్త కాదు.
మూస్ జా దగ్గర గోధుమ గిడ్డంగిలో
పందొమ్మిదేళ్ళుగా కాటా ముందు కూర్చుంటున్నాను.
నిండు లారీని తూచి, ఖాళీ లారీని తూచి,
తీసివేతలో మిగిలిందే గింజ.
తడి ఎంతో తాలు ఎంతో, అదీ తీసేస్తాను.
రైతులు నా మొహం వంక చూడరు,
వేళ్ళ వంక చూస్తారు.

వంటింటి గోడకి ట్రాక్టర్ కంపెనీ క్యాలెండర్.
జోర్యా పడుకున్న ప్రతి రాత్రికీ
ఆకుపచ్చ పెన్సిల్‌తో ఒక గీత.
కొన్ని నేను గీసినవి, కొన్ని తను.
తను గీసినవాటికి కాళ్ళూ చెవులూ ఉంటాయి.

జనవరి నుంచి రెండుసార్లు లెక్కపెట్టాను,
మూడోసారి డిసెంబర్ నుంచి వెనక్కి.
నూట నలభై ఒకటి.
కావలసింది నూట నలభై ఆరు.

ఆ ఐదూ ఎక్కడ పోయాయో నాకు తెలుసు.
రెండు, కోతల రోజుల్లో డబుల్ షిఫ్టు కింద.
ఒకటి, ఆటలమ్మ పోసిన ఒంటితో
అమ్మ కావాలంటే అర్ధరాత్రే తీసుకెళ్ళి దింపాను.
ఒకటి, కొలెట్ అడిగితే ఇచ్చాను, వాళ్ళక్క పెళ్ళికని.
అడిగితే ఇచ్చిన రాత్రిని ఎవరి ఖాతాలో రాయాలి?

ఐదోది ఫిబ్రవరిది.
వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య హైవే మూసేశారు.
మంచు పైనుంచి కాదు, అడ్డంగా కురుస్తోంది.
పికప్ ఇంజను పది నిమిషాలు వేసి, ఇరవై ఆపి,
ఒకే దుప్పట్లో ఇద్దరం.
ఉప్పు బిస్కెట్లు పదకొండు. తనకి ఏడు.
"నాన్నా, ఇప్పుడు మనం ఎవరింట్లో ఉన్నాం?"
అద్దం మీది ఆవిరి తుడిచాను.
ఇల్లు అనడానికి బయట ఏమీ లేదు.
ఆ గడి ఇప్పటికీ ఖాళీ.

ఆఫీసుకి ఫోన్ చేస్తే
నలభై నిమిషాల పియానో తర్వాత
ఒకావిడ పలికింది. మంచి గొంతు.
ఆ రాత్రి సంగతి చెప్పాను.
టైపు చప్పుడు కాసేపు ఆగింది.
"అది కలిపినా నాలుగు తక్కువే కదండీ?"
తెలుసు. అయినా అదొక్కటీ నాకు కావాలి.
"మామూలుగా పాప ఎక్కడుంటుంది?"
మామూలుగా.
ఆ మాటని మనసులోనే కాటా మీద పెట్టి చూశాను.
ముల్లు కదల్లేదు.

జోర్యాకి తొమ్మిదేళ్ళు, తలుపు చాటు చెవులు.
పెన్సిల్ చెక్కుకొచ్చింది.
"ఇంకో ఐదు గీయనా? చిన్నచిన్నవి?"
వద్దన్నాను.
ఎందుకంది.
పెన్సిల్ లాక్కుని చొక్కా జేబులో పెట్టుకున్నాను, మొన పైకి.
రోజంతా అది పొడుస్తూనే ఉంది.

ఇరవయ్యో తేదీ వచ్చింది, కొలెట్ ఖాతాలో పడింది.
శుక్రవారం జోర్యా కొత్త మంచుబూట్లతో దిగింది,
ఒక సైజు పెద్దవి, వేళ్ళ దగ్గర పాత మేజోళ్ళు కుక్కి.
గుమ్మం లోపల విప్పేసి పరిగెత్తింది.
అవి ఒకదానిమీదొకటి ఒరిగి
నా నేలమీద నీళ్ళు కారుస్తూ కూర్చున్నాయి.
తెల్లారేదాకా తుడవలేదు.

కొత్త క్యాలెండర్ కింద నిలబెట్టి పెన్సిల్ తిరిగిచ్చాను.
ఈసారి గీతకి
కాళ్ళు గీసి, కాళ్ళకి బూట్లు కూడా తొడిగింది.