మూగ ఎద

మా బర్రె అరవది.
బుగ్గయ్య ఆవు ఎదకొస్తే కంకర మిషన్ కాడికి ఇనపడ్తది.
మాది ఎండకాలం ఎదకొస్తే
దాని నీడక్కూడ తెల్వది.

రెండు తాపలు తప్పిపోయింది.
ఒక తాప ఆడిబిడ్డ కొడుకు పుట్టెంటికలకు దేవరకొండ పోయిన.
ఇంకో తాప ఎక్కడికీ పోలే,
ఇంట్లనే ఉన్న. నిద్రపోయిన.
ఇరవయ్యొక్క రోజులంటే
పాల కేంద్రంల రెండు బిల్లులు,
తవుడు సేటు కాతాల ఇంకో పేజీ.

అప్పటిసంది దొడ్డి గోడకు బొగ్గుతోటి గీతలు గీస్తున్న.
నా చిన్నబిడ్డ వాటి మీద
ముక్కు, చెవులు, కొమ్ములు గీసిపెట్టింది.
ఏది రోజో, ఏది బొమ్మో
ఏళ్లతోటి లెక్కవెట్టుకోవాలె.

మా అత్త ఈదమ్మ అంటది:
"ఊరి దున్నపోతు ఉన్నప్పుడు ఈ లెక్కలెక్కడియే?
గాలికి మూతి లేపి వాసన వట్టేది.
దానంతటదే వచ్చేది, పోయేది."
నిజమే.
దున్నపోతును అమ్ముకున్నంక
దాని ముక్కు చేసే పని నా మీద పడ్డది.

ఆ మాటను నోటితోటి అననీకె నాకు నాలుగేండ్లు పట్టింది.
కాపురానికొచ్చిన కొత్తల
మామ పక్కనే కూసున్నడని
"అన్నా, బర్రెకు పానం బాగలేదు" అన్న ఫోన్ల.
జంగయ్య జరం సూది పట్టుకొని వచ్చిండు.
బర్రెను చూసిండు. నన్ను చూసిండు.
నవ్వలే.
"చెల్లె, దీన్ని ఎద అంటరు.
దానికి లేని సిగ్గు నీకెందుకు?" అని
డబ్బా కోసం మళ్ల మల్లేపల్లి దాక పోయిండు.
ఆయన వచ్చేసరికి పొద్దు గూకింది,
దాని గడియ గూడ.

మొన్న నడిరాత్రి కరెంటు పోయింది.
ఉబ్బకు లేచి బ్యాటరీ పట్టుకొని దొడ్లకు పోతే
పండుకోకుంట నిలవడ్డది.
గడ్డి ముట్టలే.
ఆడ లేనిదేదో చూస్తున్నట్టు చూస్తున్నది.
తోక జరంత పక్కకు.
వెలుగు వడంగనే తొడ మీద సన్నటి తీగ మెరిసింది,
గుడ్డు తెల్లసొన ఆరకముందు మెరిసినట్టు.
ఇంకో గంటైతే ఎండి మట్టిల కలిసిపోవు.
తోక మొదలు మీద అరచెయ్యి పెట్టి ఒత్తిన.
వేరే రోజైతే తన్నేది.
కదలలే.
దాని వెచ్చదనం నా చేతికెక్కింది.
ఇద్దరం గట్లనే నిలవడ్డం.

"ఎప్పుడు చూసినవ్?"
"రెండింటికి."
"అయితే పగటాల దాటాలె. ఇప్పుడేస్తే తొందరైతది."

పంతులు పెట్టిన గడియకు
పెండ్లికొడుకే ఆలస్యం చేస్తడు,
మంత్రం ఆగుతది.
ఈ గడియ ఎవ్వలికోసం ఆగది.
పది బిందెలు బోరు నీళ్లు పోసిన దాని ఈపు మీద.
పత్తి చేన్ల కూలికి పిలుస్తే పోలే.
మూడు వందలు పోయినయి, పోనీ.

మూడింటికి జంగయ్య డబ్బా మూత తీస్తే
మే నెల ఎండల తెల్లటి సలి పొగ!
చిన్నబిడ్డ చెయ్యి పెట్టబోతే మందలించిండు.
పుల్ల తీసి గోరువెచ్చటి నీళ్లల్ల ముంచి
పెదవులతోటి ముప్పై లెక్కవెట్టిండు.
పని రెండు నిమిషాలు.
"గింతేనా?" అన్నది చిన్నబిడ్డ.
"గింతే. ఇప్పటిసంది అసలు పని మీ అమ్మది."

మళ్ల గీతలు.
ఇన్నాళ్లు ఏదన్న కనవడాలని చూసిన.
ఇప్పుడేమో ఏదీ కనవడొద్దని చూస్తున్న.
అవే కండ్లు, అదే బ్యాటరీ.

ఇరవయ్యో రాత్రి.
ఇరవయ్యొకటి.
తోక ఈగలను కొడుతున్నది, అంతే.
కింద నేల పొడిగున్నది.
ఇరవై రెండో రాత్రి
ముందటి కాళ్లు మడిచి పండుకొని నెమరేస్తున్నది,
నేనొచ్చినా లెవ్వలే.
మూడు నెలలైతెగాని చెయ్యి పెట్టి చెప్పడు జంగయ్య.
అప్పటిదాక అత్తకు చెప్పను, సేటుకు అసలే చెప్పను.

బ్యాటరీ బందు వెట్టి
దాని పక్కన తట్ట బోర్లేసుకొని కూసున్న.
చీకట్ల నెమరు సప్పుడు.
గోడకు గీత గీసుడు మర్చిపోయిన.